బస్సులు, బ్యాంకులు, బావామరుదులు

బావకీ బావమరిదికీ పడకపోవడం మన ఇళ్ళలో కొత్త సంగతేమీ కాదు. పెళ్ళిపందిట్లో అలకపానుపు దగ్గర మొదలైన పరాచికం ఒక్కోసారి పొలంగట్టు దాకా, మరోసారి కోర్టు మెట్ల దాకా పోతూ ఉంటుంది. కానీ ఒక ఇంటి అల్లుడూ, అదే ఇంటి కొడుకూ ఒకే ఊళ్ళో ఎన్నికలకి ఎదురెదురుగా నిలబడటం, అందులో కొడుకు జైల్లో ఉండి కూడా అల్లుణ్ణి ఓడించటం ఎక్కడైనా విన్నారా? మన అనంతపురంలో జరిగింది. 1952లో.

అల్లుడు నీలం సంజీవరెడ్డిగారు. ఊరు ఇల్లూరు. బావమరిది తరిమెల నాగిరెడ్డిగారు. ఊరు ఇంటిపేరులోనే ఉంది. ఒకటి ఇప్పటి గార్లదిన్నె మండలంలో, రెండోది శింగనమల మండలంలో. రెండూ ఎర్రమన్నూ, రాళ్ళగుట్టలూ, వానకోసం ఆకాశం వంక చూసే కళ్ళూ ఉన్న ఊళ్ళే. మధ్యలో నాగరత్నమ్మగారు. 1935లో తరిమెల నుంచి ఇల్లూరు కోడలై వచ్చిన మనిషి. 1952లో మద్రాసు శాసనసభ ఎన్నికల ఫలితం తెలిసిన రోజున పుట్టింటి గెలుపుకి పాయసం వండాలా, మొగుడి ఓటమికి మొహం ముడుచుకోవాలా అన్నది ఏ రాజనీతి శాస్త్రంలోనూ లేని ప్రశ్న. చరిత్ర రాసేవాళ్ళెవరూ దాన్ని ఒక ప్రశ్నగా లెక్కపెట్టలేదు కూడా!

సంజీవరెడ్డిగారిది గాంధీగారి కాలపు పుట్టుక. 1929 జులైలో మహాత్ముడు అనంతపురం వచ్చి వెళ్ళాక ఈ పదహారేళ్ళ కుర్రవాడికి చదువు మీద మనసు పోయింది. 1931లో కాలేజీకి స్వస్తి చెప్పి ఖద్దరు కట్టాడు. జైళ్ళు, కాంగ్రెసు కార్యదర్శి పదవి, రాజ్యాంగ సభ సభ్యత్వం, మద్రాసులో మంత్రిగిరీ అన్నీ వరసగా వచ్చాయి. నాగిరెడ్డిగారు నాలుగేళ్ళు చిన్న. మద్రాసులోనూ కాశీలోనూ చదువుకుని కమ్యూనిస్టు అయి తిరిగొచ్చారు. ఇద్దరూ భూములున్న ఇళ్ళలో పుట్టినవాళ్ళే. ఇద్దరూ పేదల పేరే చెప్పారు. ఒకరు పేదల కోసం ప్రభుత్వం నడుపుతామన్నారు, ఒకరు పేదల కోసం ఆ ప్రభుత్వాన్ని కూలదోస్తామన్నారు.

ఓడిపోయిన బావ ఏమీ ఇల్లు పట్టి కూర్చోలేదు. 1953లో ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశంగారి కింద ఉపముఖ్యమంత్రి, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌కి మొట్టమొదటి ముఖ్యమంత్రి. 1960లో అఖిల భారత కాంగ్రెసుకి అధ్యక్షుడై ఢిల్లీ వెళ్ళి, 1962లో మళ్ళీ వచ్చి ముఖ్యమంత్రి కుర్చీలో కూర్చున్నారు. ఈ రెండో విడతలోనే బస్సుల గొడవ వచ్చింది.

ప్రైవేటు బస్సుల్ని ప్రభుత్వం చేతుల్లోకి తీసుకోవడమనేది అప్పట్లో సోషలిజంలో భాగం. ఒక్కో జిల్లాలోనూ వరసగా రూట్లని ఆర్టీసీకి అప్పజెపుతున్నారు. ముందనుకున్న వరస పక్కకి పోయి ఉన్నట్టుండి కర్నూలు జిల్లా ముందుకొచ్చింది. జిల్లా అంతా కూడా కాదు, పడమటి భాగం. ఆ పక్క బస్సుల యజమానుల్లో కొందరు ఎన్నికలలో ముఖ్యమంత్రికి వ్యతిరేకంగా పనిచేసినవాళ్ళు. ఆయన 1962లో గెలిచింది ఆ జిల్లాలోని డోన్ నుంచే. మా మీద కక్షతోనే మా రూట్లు లాక్కున్నారని వాళ్ళు సుప్రీంకోర్టుకి వెళ్ళారు. కోర్టు ఏం చూసిందంటే, ఇంత పెద్ద ఆరోపణ ముఖ్యమంత్రి మీద వస్తే, అది అబద్ధమని ఆయన తరఫు నుంచి ఒక్క ప్రమాణపత్రం కూడా దాఖలు కాలేదు. కాదనేవాళ్ళు లేనప్పుడు నిజమనుకోక తప్పదంటూ 1964లో ఆ పథకాన్ని కొట్టేసింది.

రాజీనామా చెయ్యమని కోర్టు అనలేదు. అసలు ఆయన ఆ కేసులో కక్షిదారు కూడా కాదు. అయినా 1964 ఫిబ్రవరిలో సంజీవరెడ్డిగారు కుర్చీ దిగిపోయారు. ఈ రోజుల్లో ఇది చదివితే మన పిల్లలు 'ఆమాత్రం దానికేనా?' అంటారు. నిజమే మరి, ఆమాత్రం దానికే. అయితే ఆ ప్రాయశ్చిత్తం ఎన్నాళ్ళు సాగిందీ అంటే సుమారు నాలుగు నెలలు. జూనులో లాల్‌బహదూర్ శాస్త్రిగారి మంత్రివర్గంలో ఉక్కు, గనుల మంత్రి అయ్యారు. అప్పటి రాజకీయాల్లో సిగ్గు ఉండేదని చెప్పుకోవచ్చు గానీ, అది మరీ దీర్ఘరోగం కాదనీ చెప్పుకోవాలి.

ఈ బస్సుల్ని కాస్త గుర్తుపెట్టుకోండి. అసలు కథ 1969లో ఉంది.

1967లో సంజీవరెడ్డిగారు హిందూపురం నుంచి లోక్‌సభకి వెళ్ళి స్పీకరు అయ్యారు. స్పీకరు సభకంతటికీ పెద్ద, ఒక పార్టీ మనిషి కాకూడదని చెప్పి, ముప్ఫై నాలుగేళ్ళ కాంగ్రెసు సభ్యత్వాన్ని వదులుకున్నారు. చాలా మెచ్చుకున్నారందరూ. రెండేళ్ళు తిరిగాయి. 1969 మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్‌గారు పోయారు. జులైలో బెంగుళూరులో కాంగ్రెసు పెద్దలు సమావేశమయ్యారు. కామరాజ్, నిజలింగప్ప, ఎస్.కె. పాటిల్, మొరార్జీ దేశాయ్. పత్రికలవాళ్ళు వీళ్ళకి 'సిండికేట్' అని పేరు పెట్టారు. ఇందిరాగాంధీగారిని కూర్చోబెట్టింది తామే కాబట్టి, ఆవిడ తాము చెప్పినట్టు వినాలన్నది వాళ్ళ ధీమా. ఆవిడ రాష్ట్రపతి పదవికి జగ్జీవన్‌రామ్‌గారి పేరు చెప్పారు. వాళ్ళు సంజీవరెడ్డిగారి పేరు ఖాయం చేశారు. పార్టీకి అతీతుణ్ణని సభ్యత్వం వదులుకున్న పెద్దమనిషి, పార్టీలో ఒక ముఠాకి అభ్యర్థి అయ్యారు!

అత్తగారిని ఎదిరించలేక, అలాగని ఒప్పుకోలేక 'సరేనండీ' అని లోపలికి వెళ్ళి గిన్నెలు చప్పుడు చేసే కోడళ్ళని మనం చూస్తూనే ఉంటాం. ఇందిరమ్మ గిన్నెలు చప్పుడు చెయ్యలేదు. సంజీవరెడ్డిగారి నామినేషను పత్రాల మీద స్వయంగా తానే సంతకం పెట్టారు. మొరార్జీ నుంచి ఆర్థికశాఖ తీసేసుకున్నారు. జులై 19న పద్నాలుగు పెద్ద బ్యాంకుల్ని జాతీయం చేసేశారు. అదే రోజున సంజీవరెడ్డిగారు స్పీకరు పదవికి రాజీనామా ఇచ్చారు. ఆ ఆర్డినెన్సు మీద తాత్కాలిక రాష్ట్రపతిగా సంతకం చేసిన వరాహగిరి వెంకటగిరిగారు మర్నాడు తానూ రాజీనామా చేసి, స్వతంత్ర అభ్యర్థిగా పోటీకి దిగారు. ఆయనా మనవాడే, బరంపురం తెలుగువాడు. చంద్రుడి మీద మనిషి కాలుపెట్టింది కూడా ఆ రోజుల్లోనే. ఢిల్లీలో చాలామందికి ఆకాశంలోకి చూసే తీరిక లేకపోయింది.

సిండికేటు వాళ్ళు మరో పొరపాటు చేశారు. గట్టెక్కుతామో లేదోనన్న భయంతో నిజలింగప్పగారు వెళ్ళి జనసంఘం, స్వతంత్ర పార్టీల నాయకులతో మాట్లాడారు. ఆ పార్టీలకి వేరే అభ్యర్థి ఉన్నారు, చింతామణి దేశ్‌ముఖ్‌గారు. మీ మొదటి ఓటు ఆయనకేసుకోండి, రెండో ఓటు మాత్రం మావాడికెయ్యండి అన్నది బేరం. ఇంకేం, ఇందిరమ్మకి కావలసినది దొరికింది. చూశారా, వీళ్ళు మితవాదులతో చేతులు కలిపారు, పేదల పార్టీని జమీందార్లకీ సంస్థానాధీశులకీ తాకట్టు పెడుతున్నారు అన్నారు. పార్టీ ఆదేశం జారీ చెయ్యనన్నారు. ఎవరి మనస్సాక్షి ప్రకారం వాళ్ళు ఓటెయ్యండి అన్నారు. తాను సంతకం పెట్టి నిలబెట్టిన మనిషిని ఓడించమని చెప్పడానికి మనస్సాక్షి కంటే అందమైన మాట ఇంకోటి దొరకదు కదా!

ఇక్కడ నాకు ఆ బస్సులు గుర్తొస్తాయి. ఐదేళ్ళ క్రితం ప్రైవేటు బస్సుల్ని జాతీయం చెయ్యబోయి కుర్చీ పోగొట్టుకున్న మనిషిని, ఇప్పుడు బ్యాంకుల్ని జాతీయం చేసినావిడ మితవాదుల మనిషి అంటున్నారు. మరి ఆయన ఈ ఐదేళ్ళలో ఏం మారారు? నాకైతే ఏమీ మారినట్టు కనపడదు. అదే ఖద్దరు, అదే కాంగ్రెసు భాష, అవే ముఠాలు. మారిందల్లా ఆయన పక్కన నిలబడ్డవాళ్ళు. బస్సుల వెనక ఒక సొంత తగాదా ఉంది, బ్యాంకుల వెనకా ఒక సొంత తగాదా ఉంది. రెండింటి మీదా సోషలిజం పేరుతో ఒకే రకం జరీ పంచె కప్పారు. బ్యాంకుల వల్ల పల్లెలకి మేలు జరగలేదని నేననను. ఆ తర్వాతనే కదా పల్లెటూళ్ళలో బ్యాంకు బోర్డులు కనపడ్డాయి. కానీ చేసిన రోజున మాత్రం పల్లె కంటే ముందు మొరార్జీయే గుర్తున్నారేమో అని అనుమానం.

ఇక అసలు సిగ్గుమాలిన ఘట్టం. పార్లమెంటు సెంట్రల్ హాల్లో సంజీవరెడ్డిగారి శీలం మీద ఒక కరపత్రం చేతులు మారింది. రాసినవాళ్ళ పేరు లేదు. అందులో ఏముందో ఇంటిల్లిపాదీ చదివే పత్రికలో రాయదగదు. పేదల కోసమూ మనస్సాక్షి కోసమూ జరుగుతున్న ధర్మయుద్ధానికి పేరులేని బూతు కాగితం అవసరమొచ్చింది! తర్వాత ఇది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1970లో సాక్షాత్తూ రాష్ట్రపతి గిరిగారు స్వయంగా కోర్టుకి వచ్చి సాక్ష్యం చెప్పారు. పదవిలో ఉన్న రాష్ట్రపతి అలా రావడం అదే మొదలు. కరపత్రం పంచినమాట నిజమేనని కోర్టు అంది. కానీ గిరిగారికి దానితో సంబంధముందని రుజువు కాలేదని పిటిషన్లు కొట్టేసింది.

ఆగస్టు 16న ఓటింగు, 20న లెక్కింపు. ఈ ఎన్నికలో ఓటరు ఒకటి, రెండు అని అంకెలు వేసి తన ఇష్టం చెప్తాడు. ఎవరికీ సగం దాటకపోతే అడుగునున్నవాళ్ళని తీసేసి వాళ్ళ ఓట్లలో రెండో అంకె ఎవరికుందో చూసి కలుపుతారు. మొదటి లెక్కలో గిరిగారికి 4,01,515, సంజీవరెడ్డిగారికి 3,13,548, దేశ్‌ముఖ్‌గారికి 1,12,769. గెలవడానికి కావలసింది 4,18,169. అన్నీ కలిపాక గిరిగారు 4,20,077, సంజీవరెడ్డిగారు 4,05,427. అంటే మనవాడికి దాదాపు 92 వేల ఓట్లు రెండో అంకె మీద వచ్చినవే, అవి చాలావరకు ఆ మితవాదుల బేరం ఫలం. అపవాదు దక్కింది, ఓట్లూ దక్కాయి, పదవి మాత్రం దక్కలేదు. తేడా 14,650. అప్పట్లో ఒక్కో ఎంపీ ఓటు విలువ 576. పదమూడు మంది మనస్సాక్షి అటు కాకుండా ఇటు పలికి ఉంటే చరిత్ర వేరేగా ఉండేది. రెండో అంకెల లెక్క మీద రాష్ట్రపతిని తేల్చటం ఆ ఒక్కసారే.

అన్నట్టు, ఈ గొడవ మధ్యలో జులై 31న అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ఢిల్లీ వచ్చాడు. స్వాగతం చెప్పడానికి రాష్ట్రపతీ లేడు, ఉపరాష్ట్రపతీ లేడు. ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లాగారు తాత్కాలిక రాష్ట్రపతిగా ఉన్నారు. నిక్సన్ దేశంలో మాత్రం ఏం తక్కువ? అక్కడా పార్టీలు అర్థాలు మార్చుకుంటున్న కాలమే. నల్లవారికి సమాన హక్కులిచ్చే చట్టం 1964లో వచ్చాక, దాన్ని భరించలేని దక్షిణాది తెల్లవాళ్ళు తరతరాల డెమొక్రాటిక్ పార్టీని వదిలి రిపబ్లికన్ల వైపు మళ్ళటం మొదలుపెట్టారు. బానిసత్వాన్ని తొలగించిన లింకన్ పార్టీ మెల్లిమెల్లిగా వీళ్ళకి ఇల్లయింది. ముందుగా మారినవాళ్ళలో దక్షిణ కరోలినా సెనేటరు స్ట్రామ్ థర్మండ్ ఒకడు. నల్లవారి హక్కులకి అడ్డంగా 1957లో సెనేటులో 24 గంటల 18 నిమిషాలు ఏకబిగిన ఉపన్యసించిన మనిషి. జాతులు కలవకూడదు, ఆచారం చెడకూడదు అన్నది ఆయన సిద్ధాంతం. 2003లో నూరేళ్ళు నిండి పోయాడు. ఆ డిసెంబరులో 78 ఏళ్ళ నల్లజాతి స్త్రీ ఒకావిడ ముందుకొచ్చి, తాను ఆయన కూతుర్నని చెప్పింది. తల్లి వాళ్ళింట్లో పనిచేసిన పదహారేళ్ళ పిల్ల. తండ్రి డబ్బు పంపేవాడు, కలిసేవాడు, కానీ నలుగురిలో ఏనాడూ కూతురనలేదు. ఆయన బతికున్నంతకాలం ఆవిడ నోరు విప్పలేదు. ఆ కుటుంబం కాదనలేదు.

చట్టం, క్రమశిక్షణ అంటూ ఓట్లడిగిన నిక్సన్ సంగతీ మీకు తెలిసిందే. వాటర్‌గేట్‌లో ఇరుక్కుని 1974 ఆగస్టులో దిగిపోయాడు. అంతకుముందే ఆయన ఉపాధ్యక్షుడు ఆగ్న్యూ పన్ను ఎగవేత కేసులో 1973లో రాజీనామా చేశాడు. ఊరికి నీతులు చెప్పినవాడింట్లోనే కుండ పగిలిందన్నమాట.

అక్కడ మనుషులు పార్టీ మారారు, ఇక్కడ పార్టీయే రెండు ముక్కలైంది. 1969 నవంబరులో ఇందిరమ్మని కాంగ్రెసు నుంచి బహిష్కరించారు, ఆవిడ వెంట ఎక్కువమంది నడిచారు. మిగిలినవాళ్ళది పాత కాంగ్రెసు. 1971 ఎన్నికల్లో ఈ పాత కాంగ్రెసు నిజంగానే జనసంఘంతో, స్వతంత్ర పార్టీతో కూటమి కట్టింది. మితవాది మితవాది అని పదేపదే అంటే ఆ పేరే చివరికి ఇల్లు చూసుకుంటుంది కాబోలు. తమాషా ఏమిటంటే, 1951లో ఆంధ్ర కాంగ్రెసు అధ్యక్ష పదవికి సంజీవరెడ్డిగారు ఓడించిన ఎన్.జి. రంగాగారు స్వతంత్ర పార్టీ నాయకుడిగా ఇప్పుడు అదే పక్షాన ఉన్నారు. ఆ రంగాగారే తర్వాత ఇందిరమ్మ కాంగ్రెసులో చేరి 1980లో గుంటూరు నుంచి గెలిచారు. ఎవరు కుడి, ఎవరు ఎడమ అని అడిగితే, ఏ సంవత్సరంలో అని ఎదురు ప్రశ్న వెయ్యాలి. పాత కాంగ్రెసుకి 16 సీట్లొచ్చాయి. ఇందిరమ్మకి 352.

బావ అనంతపురం తిరిగొచ్చి వ్యవసాయం పెట్టుకున్నారు. మరి బావమరిది? ఆయన 1969 మార్చిలోనే, అంటే బావ రాష్ట్రపతి అభ్యర్థి కావడానికి నాలుగు నెలల ముందే, ఈ శాసనసభ వల్ల పేదలకి ఒరిగేదేమీ లేదని శాసనసభ్యత్వం వదిలేసి విప్లవమార్గం పట్టారు. ఒకే సంవత్సరంలో ఒకే కుటుంబంలో ఒకరు అందరికంటే పెద్ద కుర్చీకి నిలబడితే, ఒకరు ఉన్న కుర్చీని తన్నేసుకుని వెళ్ళారు. 1975 జూన్ 12న అలహాబాదు హైకోర్టు తన ఎన్నిక చెల్లదన్నా ఇందిరమ్మ దిగలేదు. జూన్ 25న ఎమర్జెన్సీ పెట్టారు. కోర్టు అన్న మాటకే దిగిపోయిన 1964 ఫిబ్రవరి ఎక్కడ, ఆ జూన్ ఎక్కడ! పదకొండేళ్ళే తేడా. ఆ ఎమర్జెన్సీలోనే, అజ్ఞాతంలో ఉండగా, 1976 జులై 28న నాగిరెడ్డిగారు పోయారు. పేదల పేరు చెప్పుకునే ప్రభుత్వం పేదల పేరు చెప్పే మనిషిని వెతుకుతూనే ఉంది. నాగరత్నమ్మగారికి ఆయన తోబుట్టువు అన్న సంగతి మాత్రం ఏ పార్టీ చీలికకీ సంబంధం లేనిది.

మరుసటేడు బావగారి జాతకం మళ్ళీ తిరిగింది. 1977 మార్చిలో దేశమంతా ఇందిరమ్మని ఓడిస్తే ఆంధ్రప్రదేశ్ మాత్రం 42లో 41 సీట్లు ఆవిడకే ఇచ్చింది. మిగిలిన ఆ ఒక్కటీ నంద్యాల. జనతా పార్టీ తరఫున సంజీవరెడ్డిగారు. మళ్ళీ స్పీకరు. నాలుగు నెలలు తిరక్కుండా రాష్ట్రపతి, అదీ పోటీ లేకుండా. ముప్ఫై ఏడు నామినేషన్లు వస్తే ముప్ఫై ఆరు చెల్లలేదు. ఎనిమిదేళ్ళ కిందట బూతు కరపత్రం పంచిన దేశంలోనే ఇప్పుడు ఆయనకి ఎదురు నిలిచేవాడు లేకపోయాడు. మనస్సాక్షులు విశ్రాంతి తీసుకున్నాయి.

అక్కడైనా ఆయన మచ్చ లేకుండా గడిపారా అంటే, లేదు. 1979లో మొరార్జీ ప్రభుత్వం పడిపోయి, తర్వాత వచ్చిన చరణ్‌సింగ్ ఒక్కరోజు కూడా సభ ముఖం చూడకుండానే రాజీనామా ఇచ్చినప్పుడు, నాకు బలముంది, అవకాశమివ్వండని జగ్జీవన్‌రామ్ అడిగారు. రాష్ట్రపతి వినలేదు. ఆగస్టు 22న లోక్‌సభ రద్దు చేసేశారు. బెంగుళూరులో సంజీవరెడ్డిగారి పేరుకి పోటీగా వినపడిన పేరు ఈ జగ్జీవన్‌రామ్‌దే కదా! పదేళ్ళ నాటి పాత బాకీ అని అప్పట్లో గొణుక్కున్నవాళ్ళున్నారు. రాజ్యాంగం ప్రకారమే చేశానని ఆయన అన్నారు. నా మటుకు నాకు, ఒక దళితుడు ప్రధానమంత్రి కాగలిగిన తలుపు దగ్గర అంత తొందరపడి గొళ్ళెం పెట్టాల్సింది కాదనిపిస్తుంది. సభకి వెళ్ళి బలం చూపించుకోమంటే పోయేదేముంది?

ఇంత రాజకీయం నడిచినా ఇల్లూరు మీదా తరిమెల మీదా వాన మాత్రం ఎప్పటిలాగే వచ్చింది, ఎప్పటిలాగే ఎగ్గొట్టింది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ సమయానికి పడితే. ఒక ముఖ్యమంత్రిని, ఒక స్పీకర్ని, ఒక రాష్ట్రపతిని, ఒక విప్లవకారుణ్ణి దేశానికిచ్చిన ఈ చెనిక్కాయల మెట్టకి హంద్రీ-నీవా కాలవ మీదుగా కృష్ణ నీళ్ళు జీడిపల్లి జలాశయం దాకా చేరింది 2012లో. అప్పటికి బావా లేరు, బావమరిదీ లేరు.

1980 జనవరి ఎన్నికల్లో ఇందిరమ్మ మళ్ళీ గెలిచారు. జనవరి 14న ప్రమాణ స్వీకారం. చేయించవలసింది రాష్ట్రపతి. 1969లో తన నామినేషను మీద సంతకం పెట్టి తన ఓటమికి ఏర్పాటు చేసిన మనిషికి సంజీవరెడ్డిగారు స్వయంగా ప్రమాణం చేయించారు. భయం గానీ పక్షపాతం గానీ, అభిమానం గానీ ద్వేషం గానీ లేకుండా అందరికీ న్యాయం చేస్తానన్న మాట అందులో ఉంటుంది. 1982 జులైలో ఆయన పదవి దిగి బెంగుళూరు వెళ్ళిపోయారు, 1996 జూన్ 1న అక్కడే కన్నుమూశారు. మధ్యలో 1989లో ఇంగ్లీషులో జ్ఞాపకాలు అచ్చువేశారు. వాటికి పేరు ఎక్కడా వెతుక్కోలేదు, ఆ ప్రమాణంలో నుంచే తీసుకున్నారు. భయమూ పక్షపాతమూ లేకుండా అన్న మొదటి ముక్క వరకే పెట్టారు. అభిమానం, ద్వేషం అన్న రెండో ముక్క వదిలేశారు.